పానగల్లు నీడ, కోఠి కెమెరా

కెమెరా కొందామనుకుంటున్నానని స్టాఫ్‌రూంలో ఒక్క మాట అన్నాను. టిఫిన్ డబ్బాల మూతలు తీసేలోపే తలా ఒక కెమెరా నాకు అంటగట్టేశారు. "డీఎస్ఎల్ఆర్ అంటేనే కెమెరా, మిగతావన్నీ ఆటబొమ్మలు" అన్నారు లెక్కల సార్. బయాలజీ మేడం దగ్గర పెద్ద జూమ్ కెమెరా ఒకటి ఉంది కాబట్టి ఆమె ఓటు దానికే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మేనల్లుడికి ఫోన్ చేస్తే, "మామా, కొంటే ఫుల్‌ఫ్రేమ్ కొను, లేకుంటే పైసలు ఖరాబ్ చేసుకోకు" అని తేల్చేశాడు. ఇంట్లో మా ఆవిడ ఓటు వాషింగ్ మెషిన్‌కి.

నేను నల్లగొండకు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. వయసు నలభై దాటింది. కళ్లద్దాలున్నాయి. ఈ కళ్లద్దాల సంగతి ముందుముందు పనికొస్తుంది. ఫొటోగ్రఫీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పిల్లలకు ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల గురించి చెప్తూ, పక్కనే ఉన్న వాళ్ల గుడిని చూపించడానికి ఒక మంచి ఫొటో లేకపోవడం నచ్చక మొదలైన సరదా ఇది. తర్వాత ఆశ పెరిగింది. శాసనాలు, పొలం గట్ల మీద ఒరిగిపోయిన వీరగల్లులు, చెరువు మీది పక్షులు, సద్దుల బతుకమ్మ, అన్నీ తీయాలి. చిట్టీ ఎత్తితే వచ్చిన డబ్బులోంచి 80 వేలు దాటకూడదని ఇంట్లో ఒప్పందం.

చేతిలో ఫోన్ ఉండగా కెమెరా ఎందుకని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నాకు పానగల్లు గుడిలో దొరికింది.

ఛాయా సోమేశ్వరాలయం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నల్లగొండ పక్కనే ఉన్న ఈ గుడి 11, 12 శతాబ్దాల నాటిది. ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నీడ ఒకటి పడి ఉంటుంది. పొద్దు ఎటు తిరిగినా పగలంతా ఆ నీడ అక్కడే. ఎదుటి స్తంభాల సందుల్లోంచి వేర్వేరు దిక్కుల వెలుతురు లోపలికి వస్తుందని, అది సరిగ్గా అందని చోటు మనకు నీడగా కనిపిస్తుందని ఫిజిక్స్ సార్లు వివరిస్తారు.

నా ఫోన్ ఆ నీడను మాయం చేసింది. ఇప్పటి ఫోన్లు మనం ఒకసారి నొక్కితే ఒక్క ఫొటో తీసి ఊరుకోవు. వెంటవెంటనే కొన్ని తీసి, వాటిని కలిపి, చీకటిగా ఉన్నచోట వెలుతురు నింపి మన చేతికిస్తాయి. పుట్టినరోజు ఫొటోలకు అంతకంటే ఏం కావాలి. ఇక్కడ మాత్రం మనం చూడ్డానికి వచ్చిందే ఆ చీకటిని. స్క్రీన్ మీద గోడంతా ఒకే బూడిద రంగులో, తెల్లగా సున్నం కొట్టినట్టు వచ్చింది. ప్రో మోడ్‌లో పెట్టి, అన్నీ నేనే సరిచేసి తీస్తే నీడ వచ్చింది కానీ, పెద్దది చేసి చూస్తే రాతి గరుకుదనం పోయి రంగు చుక్కలు కనిపించాయి.

అలాగని ఫోన్‌ను తీసిపారేయను. అదే ఊళ్లో పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియంలో రాతి మీద అక్షరాలు తీయడానికి ఫోనే చాలా బాగా పనిచేసింది. కిటుకల్లా వెలుతురులో ఉంది. మా అబ్బాయి చేత ఇంకో ఫోన్ టార్చి పట్టించాను. ఎదురుగా కాదు, రాతికి ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి. ఎదురుగా పట్టినప్పుడు నున్నగా కనిపించిన బండ మీద, టార్చి పక్కకు తిప్పగానే ప్రతి గీతకూ సన్నటి నీడ పడి అక్షరాలు లేచి నిలబడ్డాయి. కదలనివి, దగ్గర్లో ఉన్నవి, వెలుతురు మన చేతిలో ఉన్నవి తీయాలంటే ఇప్పటికీ నేను ఫోనే తీస్తాను. ఇవే తీస్తానంటే ఎవరికైనా కెమెరా కొనొద్దనే చెప్తాను.

ఇక బయాలజీ మేడం కెమెరా. అది నికాన్ పీ900, 2015లో వచ్చిన మోడల్. లెన్స్ ఊడి రాదు. దాంట్లోనే 83 రెట్ల జూమ్ ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలు సైజు) లెక్కలో 24 ఎంఎం నుంచి 2000 ఎంఎం దాకా అన్నమాట, ఈ అంకె చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. చూడ్డానికి డీఎస్ఎల్ఆర్‌లా ఉంటూ, లోపల చిన్న కెమెరాలా పనిచేసే ఈ జాతిని బ్రిడ్జ్ కెమెరాలంటారు. ఒక ఆదివారం పొద్దున్నే మేడం, వాళ్లాయన, నేను ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లాం. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది, ఇప్పుడు రిజర్వాయరుగా వాడుతున్నారు. నీళ్ల మధ్య మోడు మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. మామూలు కంటికి నల్ల చుక్క. మేడం జూమ్ లాగుతూ పోతే రెక్కల ఈకలు, ముక్కు కొసన వంపు, ఆఖరికి ఆకుపచ్చ కన్ను కూడా కనిపించింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో అదే కొనేద్దామనిపించింది.

తొమ్మిది దాటి ఎండ ఎక్కేసరికి కథ మారింది. అంత దూరం జూమ్ చేస్తే మధ్యలో ఉన్న గాలి కూడా ఫొటోలో పడుతుంది. నీళ్ల మీది వేడికి పక్షి అంచులు అలల్లా వణికాయి. ఇందులో ఏ కంపెనీ చేయగలిగిందీ లేదు, వెయ్యి రూపాయల కెమెరా అయినా లక్ష రూపాయల కెమెరా అయినా అదే గాలి. అసలు తేడా సాయంత్రం తెలిసింది. పొద్దు గుంకాక తీసిన ఫొటోల్లో ఈకలన్నీ కలిసి ముద్దయిపోయాయి. కారణం సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే లోపలి పలక. ఇలాంటి కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు ఉంటుంది. కెనాన్ ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ అనే మధ్య సైజు సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు. వైశాల్యంలో దాదాపు పన్నెండు రెట్లు పెద్దది. అంత చిన్న సెన్సర్ కాబట్టే అంత జూమ్ ఆ సైజులో ఇమిడింది. అదే జూమ్ పెద్ద సెన్సర్‌కు కావాలంటే లెన్స్ మోయడానికి ఇంకో మనిషి కావాలి. పీ900లో రా ఫైలు, అంటే కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫొటో రాదు, జేపీజీ ఒక్కటే. చీకట్లో తీసినదాన్ని ఇంటికొచ్చి కంప్యూటర్లో బాగుచేసుకుందామన్నా పెద్దగా చోటుండదు. పక్షులే నా లోకం అయితే ఇవన్నీ పట్టించుకునేవాణ్ని కాదు. నాకు గుడి లోపలి చీకటి కూడా కావాలి.

జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. చవకవి ఫోన్ దెబ్బకు బజారులోంచే పోయాయి. ఒక అంగుళం సెన్సర్ ఉన్న మంచివి నా బడ్జెట్ దాకా వచ్చేస్తున్నాయి. మా పదో తరగతి పిల్లలు మాత్రం ఇళ్లలో మూలన పడ్డ పాత డిజిటల్ కెమెరాలు వెతికి తెస్తున్నారు, ఆ పాత రంగు బాగుంటుందట. ఉండనీ.

డీఎస్ఎల్ఆర్ రుచి చూపించింది మా ఊరి స్టూడియో అన్న. పెళ్లిళ్లకు ఆయన ఇప్పుడు ఫుల్‌ఫ్రేమ్ వాడతాడు, మునుపటి కెనాన్ 1500డి పక్కన పెట్టి ఉంది. "మూఢాలు నడుస్తున్నయ్ సార్, పెండ్లిళ్లు లేవు, తీస్కపోండ్రి" అని బ్యాగుతో సహా ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట చెప్పాడు: "సార్, గీ కెమెరాల మీరు ఏం జూస్తరో అది పడదు. మీరు దానికేం జెప్తే అది పడ్తది."

గుడికి వెళ్లాకే ఆ మాట అర్థమైంది. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుతురు లోపలి అద్దానికి తగిలి, పైకి వెళ్లి, మన కంటికి చేరుతుంది. అంటే వ్యూఫైండర్లో, కన్ను ఆనించి చూసే ఆ చిన్న కిటికీలో, కనిపించేది అచ్చంగా అక్కడున్న దృశ్యమే. కంటికి హాయిగా ఉంటుంది, ఆలస్యం ఉండదు, బ్యాటరీ ఖర్చు ఉండదు. కానీ సెన్సర్ మీద పడబోయే ఫొటో అది కాదు. గర్భగుడి ముందు నిలబడి వ్యూఫైండర్లో చూస్తే నీడ చక్కగా కనిపించింది. నొక్కాను. వెనక తెర మీద చూస్తే ఫోన్లో వచ్చినట్టే గోడంతా బూడిద రంగు. ఎదురుగా ఉన్నదంతా చీకటి కాబట్టి, కెమెరా మీటర్ దాన్ని సగటు వెలుతురుకు తెచ్చిపెట్టింది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు, ఒక మెట్టు తగ్గించి మళ్లీ నొక్కాను, చూశాను. ఇంకొంచెం తగ్గించి మళ్లీ. అలా తగ్గించుకుంటూ వెళ్తే గోడ మీద నీడ, లింగం మీది నూనె మెరుపు, వెనక రాళ్ల అతుకు గీత, మూడూ కలిసి వచ్చిన ఫొటో దొరికింది. ఆ ఫొటోలో ఏ రంగు చుక్కలూ లేవు. పెద్ద సెన్సర్ అంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూశాను.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది నా కళ్లద్దాలు. అద్దాలతో వ్యూఫైండర్‌కు కన్ను ఆనించలేం, కొంచెం దూరం నుంచి చూడాలి, అప్పుడు మూలలు కనిపించవు. పైగా ఈ తరగతి డీఎస్ఎల్ఆర్‌లలో వ్యూఫైండర్ ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. కనిపించని మూలలో ఎవరి చెప్పులో, ప్లాస్టిక్ బకెట్టో వచ్చి కూర్చునేవి. వ్యూఫైండర్ పక్కన పవర్ సరిచేసుకునే చిన్న చక్రం ఉంటుంది కానీ, అద్దాలు తీసి కెమెరాలో చూసి, మళ్లీ పెట్టుకుని నడిచి, మళ్లీ తీసి... గుడి మెట్ల దగ్గర అది నడిచే వ్యవహారం కాదు. పోనీ తెర మీద చూస్తూ తీద్దామంటే 1500డిలో లైవ్ వ్యూ ఫోకస్ నిదానం. చీకట్లో ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది. రెండోది, ఇలా తీసి చూసి సరిచేసుకోవడం కదలని గోడకు బాగానే ఉంటుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు నా కోసం ఆగరు కదా.

అద్దం తీసేసిన కెమెరాలే మిర్రర్‌లెస్. వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసేదే మనకు తెర మీదో ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్లోనో కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే నొక్కకముందే ఆ తగ్గింది కళ్లకు కనిపిస్తుంది. ఇంతకుముందు ఒకటీ అరా మోడళ్లు ఉన్నా, 2008లో పానాసోనిక్ తెచ్చిన జీ1తో ఈ రకం ఊపందుకుంది. ఇప్పుడు కంపెనీల కొత్త మోడళ్లు దాదాపుగా అన్నీ ఇవే. నికాన్ డీ3500 లాంటి ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్‌లు తయారీ ఆగిపోయాయి. దీన్నిబట్టి డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయిందని యూట్యూబ్‌లో గుండెలు బాదుకునేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. ఉన్న కెమెరా ఫొటోలు తీయడం మానేయదు. కొత్త లెన్సులు రావు, అంతే.

మిర్రర్‌లెస్‌లో కూడా రెండు రకాలున్నాయని మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు తెలిసింది. మా బామ్మర్ది అక్కడ ఊళ్లు, జాతరలు వీడియోలు తీసి పెడుతుంటాడు. అతని దగ్గర సోనీ జెడ్‌వీ-ఈ10 ఉంది, 2021 మోడల్. సెన్సర్ ఏపీఎస్-సీయే, ఫోకస్ ముఖాన్ని వదలదు, తెర పక్కకు తిరుగుతుంది, మైకు బాగుంటుంది. వ్యూఫైండర్ మాత్రం ఉండదు. వీడియో తీసేవాళ్లకు అవసరం లేదని కంపెనీ దాన్ని పెట్టకుండా బరువు, ధర తగ్గించింది. "బావా, దీనికి మించింది లేదు" అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం కోయిల్‌సాగర్ కట్ట మీద దాన్ని చేతికిచ్చాడు. తెర మీద నా ముఖం, నా అద్దాలు, వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. వెలుతురు పెంచినా అంతే. టవల్ తలమీద కప్పుకుని పాతకాలం ఫొటోగ్రాఫర్‌లా చూడాల్సి వచ్చింది. బామ్మర్ది సాయంత్రం, పొద్దున తీస్తాడు, తననే తాను తీసుకుంటాడు, అతనికి ఏ ఇబ్బందీ లేదు. మన పాలమూరు, నల్లగొండ ఎండల్లో గుట్టలెక్కి కోటలు, బండలు తీసేవాడికి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ తప్పనిసరి అని నాకు అక్కడ ఖాయమైంది.

మర్నాడు పిల్లలమర్రి చూశాం. 2018లో చెదలు పట్టి కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన చెట్టు. దాదాపు మూడెకరాల మర్రి ఏ లెన్సులో పడుతుంది? కెమెరాతో పాటే వచ్చే 18 ఎంఎం కిట్ లెన్స్ ఏపీఎస్-సీ మీద 29 ఎంఎం అంత వెడల్పే చూపిస్తుంది. చెట్టంతా పట్టాలన్న ఆశ వదిలేసి ఊడల మధ్య ఎండ పడే తీరు తీశాను. ఇంకా వెడల్పాటి లెన్స్ కొనాలన్న కోరిక కూడా అక్కడే వదిలేశాను.

కోఠికి వెళ్లేముందు మేనల్లుడు చెప్పిన ఒక సలహా మాత్రం బంగారం. "మామా, నీ మెమరీ కార్డు నువ్వు తీస్కపో. షాపులో తీసినవి ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూడు." అలాగే చేశాను. షాపులో లైట్లన్నీ కెమెరాలు మెరిసేట్టు పెడతారు, ఆ వెలుతురులో ఏదైనా అందంగానే వస్తుంది. నేను కౌంటర్ కింద చీకటి మూలను, గుమ్మంలోంచి ఎండలో ఉన్న రోడ్డును తీశాను. ప్రతి కెమెరాతోనూ అవే రెండు. అద్దాలతోనే వ్యూఫైండర్లో చూసి నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా అని పరీక్షించాను. చేతిలో పట్టుకుంటే చిటికెన వేలు గాల్లో వేలాడుతోందా అన్నది కూడా చూడాలి, ఇది ఏ కాగితం మీదా రాయరు.

అక్కడే ఫుల్‌ఫ్రేమ్ కూడా పట్టుకుని చూశాను. సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. చీకట్లో దాని పనితనం వేరు, అందులో సందేహం లేదు. బాడీ ధర అయినా ఎలాగోలా సర్దుకోవచ్చు, దానికి తగ్గ లెన్సుల ధరలు వింటే బస్సెక్కి ఇంటికి రావాలనిపిస్తుంది. మేనల్లుడికి ఆ సంగతి చెప్తే "ఈఎంఐ ఉంది గదా మామా" అన్నాడు. వాడికింకా పెళ్లి కాలేదు.

ఒక షాపులో బిల్లు లేకుండా అయితే కొన్ని వేలు తగ్గిస్తామన్నారు. కెమెరాల మీద 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి ఆశ పుట్టడం సహజం. బిల్లు లేని కెమెరాకు ఇక్కడి కంపెనీ వారంటీ దొరకడం కష్టం. అలాంటివి చాలావరకు వేరే దేశం కోసం తయారై పక్కదారిన వచ్చినవి. వద్దన్నాను.

సెకండ్ హ్యాండ్ వైపు కూడా చూశాను, అందులో తప్పేం లేదు. మిర్యాలగూడలో ఒకాయన పెళ్లి ఫొటోల పని మానేసి నికాన్ డీ5600, రెండు లెన్సులు అమ్ముతున్నారని స్టూడియో అన్న చెప్తే ఇద్దరం వెళ్లాం. అన్న చూసే పద్ధతి నేర్చుకోదగ్గది. ముందు లెన్స్ ఊడదీసి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి చూశాడు. లోపలి గాజు మీద సాలెగూడులా తెల్లటి పోగులు. ఫంగస్. తేమలో ఏళ్లతరబడి బ్యాగులో మూసి ఉంచితే వస్తుంది. తర్వాత అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్ 16లో పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది) తెల్ల గోడను, ఫోకస్ లేకుండా తీశాడు. సెన్సర్ మీద దుమ్ముంటే నల్ల మచ్చలుగా బయటపడుతుంది. లెన్స్ మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చాడు, మెరిసే చుక్కలేమైనా ఉన్నాయా అని. ఆఖరున షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారన్న లెక్క. ఈ తరగతి బాడీల షట్టర్‌ను నికాన్ లక్ష క్లిక్కుల దాకా పరీక్షిస్తుంది. పెళ్లిళ్లలో వాడిన కెమెరా ఆ లెక్కకు చేరువలో ఉండటంలో వింతేం లేదు.

రెండో లెన్స్ పాత 50 ఎంఎం ఎఫ్ 1.8, "డి" రకం. గాజు శుభ్రంగా ఉంది, చవకగా ఇస్తామన్నారు. అన్న నన్ను పక్కకు పిలిచి, "సార్, ఇది గీ బాడీ మీద ఆటో ఫోకస్ గాదు" అన్నాడు. నికాన్ డీ3000, డీ5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లెన్సులోనే ఉండాలి, అంటే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలే కావాలి. పాత డి లెన్స్ పెడితే ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో చవకగా కనిపించే పాత లెన్సులు కొనేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. ఆ పెద్దమనిషి ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాం.

అన్నీ తిరిగాక తీసుకున్నది కెనాన్ ఆర్50. 2023లో వచ్చిన మిర్రర్‌లెస్, ఏపీఎస్-సీ, 24.2 మెగాపిక్సెళ్లు, బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు. వ్యూఫైండర్ ఉంది. దీనికన్నా గట్టివి, వేగమైనవి ఉన్నాయి. బాడీలో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ డీఎస్ఎల్ఆర్ అంత రాదు. 1500డి ఒక చార్జింగ్‌కు 500 ఫొటోల లెక్క చెప్తుంది, ఇది అందుకు బాగా తక్కువ. రెండో బ్యాటరీ మొదటి రోజే కొన్నాను. దాంతో వచ్చే 18-45 కిట్ లెన్స్ అపెర్చర్ ఎఫ్ 4.5 దగ్గర మొదలై 6.3 దాకా పోతుంది. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18-55 అయినా ఎఫ్ 3.5 దగ్గర మొదలవుతుంది. పగలు బయట తీయడానికి సరిపోతుంది, గుడి లోపల చాలదు.

మరి ఇదే ఎందుకంటే, రెండు కారణాలు. ఒకటి, నొక్కకముందే ఫొటో కనిపించడం. నాలాగా సొంతంగా నేర్చుకునేవాడికి దీన్ని మించిన మాస్టారు దొరకడు. డీఎస్ఎల్ఆర్‌లోనే నేర్చుకుంటే పునాది గట్టిపడుతుందని పెద్దవాళ్లు అంటారు. నేనొప్పుకోను. చక్రం తిప్పుతుంటే గోడ మీద నీడ చిక్కబడటం, పలచబడటం కంటితో చూస్తూ నేర్చుకున్నది ఇంకా బాగా తలకెక్కుతుంది. రెండోది, అడాప్టర్ పెడితే కెనాన్ డీఎస్ఎల్ఆర్ కోసం తయారైన ఈఎఫ్ లెన్సులన్నీ దీని మీద ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. పెళ్లి ఫొటోగ్రాఫర్లంతా కొత్త రకానికి మారుతున్నారు కాబట్టి పాత ఈఎఫ్ లెన్సులు స్టూడియోల్లో చవకగా వస్తున్నాయి. బాడీ కొత్తది, లెన్సులు పాతవి. నా 80 వేలల్లో ఇదే కుదిరింది.

అన్న దగ్గరే 50 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకున్నాను. కెనాన్ ఏపీఎస్-సీ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది. జూమ్ లేదు, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. కిట్ లెన్స్ ఎఫ్ 5.6 దగ్గర ఇచ్చే వెలుతురుతో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్లు ఎక్కువ లోపలికి రానిస్తుంది. పది రెట్లు! కెమెరాల మధ్య తేడాల కోసం నేను జుట్టు పీక్కున్నదంతా ఒక ఎత్తు, అరచేతిలో పట్టే ఈ చిన్న లెన్స్ ఒక ఎత్తు. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, బాడీకి ఎంత పెడతావని కాదు, లెన్సుకు ఎంత మిగిల్చావని అడుగుతాను.

సద్దుల బతుకమ్మ నాడు దాన్నే తీసుకెళ్లాను. మా ఊరి బొడ్రాయి దగ్గర ఎల్ఈడీ ఫోకస్ లైట్లు, సీరియల్ బల్బులు, పక్కనే టెంటువాళ్ల ట్యూబులు. సప్పుడు రాకుండా తీద్దామని సైలెంట్ షట్టర్ పెడితే ఫొటో నిండా అడ్డంగా నల్ల చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా బల్బులు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. మన కంటికి తెలియదు, వరస వరసగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు దొరికిపోతుంది. మామూలు షట్టర్‌కు మార్చి, వేగం సెకనులో వందో వంతు పెట్టాను. చారలు పోయాయి. కానీ వందో వంతులో తిరిగే మనుషుల చేతులు చెదురుతాయి.

అప్పుడు మా వదిన వాళ్లు ఆడుతున్న తీరు గమనించాను. ఒక అడుగు వేస్తారు, వంగుతారు, చప్పట్లు కొడతారు, లేస్తారు. చప్పట్లు కలిసే చోట చేతులు ఒక్క లిప్తపాటు ఆగుతాయి. పాట దరువు వింటూ ఆ లిప్త కోసం కాచుకుంటే చాలు. వెలుతురుకు సెన్సర్ స్పందనను పెంచే ఐఎస్ఓను 3200లో పెడితే తంగేడు పసుపు, గునుగు తెలుపు, వదిన చేతి గాజుల మీద ఫోకస్ లైటు మెరుపు, అన్నీ దేనికది విడివిడిగా వచ్చాయి. మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే, "సారూ, ఏ స్టూడియోవోల్లు దీసిన్రు?" అని అడిగారు.

స్కూల్లో ఇప్పుడు కెమెరా సలహా అడిగేవాళ్లు నా దగ్గరికే వస్తున్నారు. అందరికీ ఒకటే చెప్పను. రీల్స్ తీస్తానన్న పీఈటీ సార్‌కి మా బామ్మర్ది లాంటిదే తీసుకోమన్నాను. పెళ్లిళ్లకు సహాయకుడిగా వెళ్తున్న మా పాత విద్యార్థికి సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ చూడమన్నాను, పనిలో నలిగేది ఎలాగూ నలుగుతుంది, ముందు డబ్బు రాబట్టుకోనీ. పాప ఫొటోల కోసమన్న హిందీ మేడంకి, ఫోన్ కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టమని చెప్పాను.

పక్షుల కోసం అన్న దగ్గరే పాత 55-250 లెన్స్ ఒకటి చూసిపెట్టాను. ఏపీఎస్-సీ మీద 400 ఎంఎం దాకా లెక్కకొస్తుంది, కట్ట దగ్గరికి వచ్చే కొంగలకు, లకుముకి పిట్టలకు చాలు. వచ్చే నెల జీతం పడ్డాక తీసుకోవాలి. చెరువు నడిమధ్య మోడు మీది నీటికాకి కావాలంటే మాత్రం ఇప్పటికీ బయాలజీ మేడం కెమెరానే అడిగి తెచ్చుకుంటున్నాను, బదులుగా ఆమె నా 50 ఎంఎం పట్టుకుపోతున్నారు.